ఇంగ్లీషులోకి వెళ్ళిన మా అత్త

ఇరవై రెండేళ్ళ వయసులో, అందులోనూ ఇంగ్లీషు ఎమ్మే పాసై విజయనగరంలో ఓ కాలేజీలో ట్యూటరు ఉద్యోగం దొరికిన కొత్తలో, తనకు రానిదంటూ లోకంలో ఏదైనా ఉంటుందన్న అనుమానం మనిషికి పొరపాటున కూడా కలగదు. అరవైల చివరి మాట ఇది. ఢిల్లీ నుంచి వచ్చే ఓ ఇంగ్లీషు పత్రికలో, ప్రాంతీయ భాషల కథలతో ప్రత్యేక సంచిక వేస్తున్నాం, అనువాదాలు పంపండి అన్న ప్రకటన చూసి, లైబ్రరీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లేచి నిలబడిపోయాను. (లైబ్రేరియను ఏమైంది బాబూ అని కంగారు పడ్డాడు.) ఎందుకంటే మా ఇంట్లోనే ఒక రచయిత ఉన్నాడు. అనువాదకుణ్ణి నేనున్నాను. ఇక లోకానికి కావలసిందేముంది?

రచయిత అంటే కోటబొమ్మాళిలో వ్యవసాయం చేసుకునే మా మేనమామ. ఆయన రాసింది ఒక్కటే కథ. అది ఒక తెలుగు వారపత్రికలో అచ్చయింది. తన తల్లి, అంటే మా అమ్మమ్మ, నోరెత్తని కోడల్ని కోపిష్టి కొడుకు నుంచి ఎలా కాపాడుకుందన్నదే కథ. ఆ కోపిష్టి కొడుకు మావయ్యే. కోడలు మా అత్తే. చివర తల్లి పోయాక ఆ మొగుడు వంటింటి గుమ్మంలో నిలబడి, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి పెళ్ళాన్ని "నువ్వు తిన్నావేటి?" అని అడుగుతాడు. అంతటితో కథ అయిపోతుంది. అత్తకి చదువు రాదు. ఆ కథలో ఏముందో మావయ్య ఆవిడకి చెప్పలేదు. మాకెవరికీ అంత ధైర్యం లేకపోయింది.

వారం రోజులు నిద్రాహారాలు మాని అనువాదం చేశాను. నాకు తెలిసిన ఇంగ్లీషంతా పాత నాటకాల్లోది కనక, అమ్మమ్మ వడ్లు దంచుతూ కోడలితో మాట్లాడే మాటలు సాక్షాత్తూ ఏ మహారాణో సింహాసనం మీంచి సెలవిచ్చినట్టు వచ్చాయి. నాకైతే ఒళ్ళు పులకరించింది. పరుగెత్తుకెళ్ళి మా ప్రొఫెసరుగారికి చూపించాను. ఆయన రెండు పేజీలు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడు నాయనా, మన పుస్తకాలు ఇంగ్లీషులోకి వెళ్ళడం ఇవాళ కొత్త కాదు. మొదట దొరలు చేశారు, మనల్ని ఏలాలంటే మన శాస్త్రాలు తెలియాలి కనక. తరవాత పాదరీలు చేశారు, మన దేవుళ్ళ సంగతేమిటో కనుక్కుందామని. ఆ తరవాత మనవాళ్ళు మొదలెట్టారు, 'మాకూ కావ్యాలున్నాయి దొరా' అని చూపించుకోవడానికి. అలా రాజులు వెళ్ళారు, ఋషులు వెళ్ళారు. వడ్లు దంచుకునే ఆడమనిషి ఎప్పుడు వెళ్ళిందని? నువ్వు తీసుకెళ్తానంటే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ ఆవిడకి గౌను తొడిగి తీసుకెళ్తున్నావేమయ్యా!"

ఆ మాట నాలో ఎక్కడో తగిలి నిప్పంటించింది. దొరలు, పాదరీలు, పండితులు, వాళ్ళ తరవాత నేను! గదికొచ్చి ఆ ప్రతి చింపేశాను. ఈసారి గౌను లేదు సరికదా, పైట కూడా సర్దకుండా, మాటకి మాట, మక్కికి మక్కి దించేశాను. పత్రికవాళ్ళ గడువు దగ్గరికొచ్చేసింది. రచయిత సంతకంతో అనుమతి పత్రం కూడా కావాలన్నారు. ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి కోటబొమ్మాళిలో దిగాను. సంతకం పెట్టించి, సాయంత్రం మెయిలు బండి టపాకి అందించేస్తే చాలు.

మావయ్య కాయితాలు అటూ ఇటూ తిప్పి చూసి, ముందు గర్వపడ్డాడు, తరవాత ఆలోచనలో పడ్డాడు. "ఒరే అల్లుడూ, మనకి మనం సదూకుంటే బాగానే ఉంటాది. తెలుగు రానోడు సదివి ఏటంటాడో సూద్దారి" అని స్టేషను మాస్టర్ని ఇంటికి పిలిపించాడు. ఆయన కలకత్తావైపు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు. పుస్తకాల పిచ్చి ఉన్నవాడు. అరుగు మీద కుర్చీ వేసి, మజ్జిగిచ్చి, కాయితాలు చేతికిచ్చాం. ఆయన చదువుతుంటే నేనూ మావయ్యా ఊపిరి బిగబట్టి ఆయన మొహమే చూస్తున్నాం. మొదట కనుబొమలు పైకి లేచాయి. తరవాత కుర్చీలో ముందుకి జరిగాడు. చివరి పేజీ దగ్గర ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. మావయ్య నా తొడ గిల్లాడు, గెలిచేశాం అన్నట్టు.

ఆయన కాయితాలు దించి ఇంగ్లీషులో అన్నాడు కదా, "అద్భుతం! మీ ప్రాంతంలో ఇంత గొప్ప రాక్షసుల కథలుంటాయని నాకు తెలీదు."

ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. "పాపం ఆ కోడలికి పుట్టుకతోనే నాలుక లేదు. మొగుడు రోజూ మనుషుల తలలు తింటాడు. ఇరుగుపొరుగువాళ్ళు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు. ఆ ముసలిదైతే ఏకంగా కోడల్నే కడుపులో పెట్టుకుంది! అన్నిటికంటే ఆ చివరి మాట! ముసలిది చచ్చిపోయాక వాడు వంటింట్లోకొచ్చి, 'నువ్వు తిన్నావా?' అని అడుగుతాడే! నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎవర్నండీ తిన్నది?"

ఇదంతా మావయ్యకి తెలుగులో చెప్పక తప్పింది కాదు. చెబుతూ చెబుతూ నేను భూమిలోకి కుంగిపోతున్నాను. మావయ్య మొహం నల్లబడింది. "మా యమ్మని రాచ్చసి సేసినావేట్రా!" అన్నాడు, తిట్టినట్టు కాదు, నొచ్చుకున్నట్టు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి అత్త గొంతు వినబడింది. ఎంతసేపట్నుంచి నిలబడిందో!

"నోట్లో నాలిక నేనిది ఎవుల్రా?"

నేను మావయ్యని చూశాను. మావయ్య దూలాన్ని చూశాడు.

"నాకా? నాకు నాలిక నేదా! అలగ రాసినోడికే బుద్ధి నేదు" అంటూ అత్త అరుగు మీదికొచ్చేసింది. "మరి ఆ కడుపులో పెట్టుకున్నది ఎవులు? మా అత్తేనా?" అంది. అవునన్నాను. ఆవిడ గొంతు చటుక్కున మెత్తబడింది. "నిజమే. పెట్టుకున్నాది మహాతల్లి. సివర్న ఏటౌతాది?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "సివర్న... ఆడు అడుగుతాడు. తిన్నావేటి, అని."

"ఎవుల్ని?"

"పెళ్ళాన్ని."

అత్త నెమ్మదిగా, "ఎప్పుడడిగినారు?" అంది.

"కతలో అడిగినానే!"

"కతలో సరే. ఇంట్లో ఎప్పుడడుగుతారు?"

స్టేషను మాస్టరు ఏమిటేమిటని నా భుజం కుదిపేస్తున్నాడు. నేను ఆలోచించలేదు. నిఘంటువు లేదు, పాత నాటకాలు లేవు. అత్త అన్నది అన్నట్టు, ఆ విసురుతో, ఆ దిగులుతో, నోటికొచ్చిన ఇంగ్లీషులో అనేశాను. ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతూనే, అత్తవైపు చూసి సగంలో ఆగిపోయాడు. సరిగ్గా ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు! నా గుండెలో దీపావళి. జీవితంలో నేను చేసిన మొదటి అనువాదం అదే. చూస్తే ఒక్క వాక్యమే, అదీ కథలో లేనిది.

ఇక చూడాలి మా హడావిడి! మెయిలుకి నాలుగు గంటల టైముంది. అరుగు మీదే చాప పరిచాం. నేను తెలుగు వాక్యం చదవడం, అత్త "అంటే అలగ కాదురా, ఆవిడేటి సేసిందో నాను సెప్తాను ఇను" అని అసలు జరిగింది చెప్పడం, నేను ఇంగ్లీషులో అనడం, స్టేషను మాస్టరు మొహం చూడటం. ఆయన మొహం వికసిస్తే రాసేయడం, లేకపోతే మళ్ళీ మొదటికి రావడం. మధ్యలో భోజనాలకి లేచాం. మావయ్య పీట మీద కూర్చుని, మూడుసార్లు దగ్గి, పెరుగన్నం దాకా ఓపిక పట్టి, చివరికి కంచంలోకే చూస్తూ, "నువ్వు తిన్నావేటి?" అనేశాడు. అత్త గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది. "ఇంకా నేదు" అంది చిన్నగా. తరవాత చాలాసేపటిదాకా ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

మెయిలు అందింది. కథ పడింది. పత్రిక వచ్చిన రోజు మావయ్య దాన్ని శ్రీకూర్మం తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చాడట. అత్త మాత్రం తన గురించి రాసిన చోటు ఎక్కడో వేలు పెట్టి చూపించమని, ఆ నల్లటి అక్షరాల్ని అలా తడిమి చూసుకుందట.

ఆ తరవాత నేను చాలా పుస్తకాలే ఇంగ్లీషులోకి తీసుకెళ్ళాను. మొన్న బీరువా సర్దుతుంటే ఆ పాత సంచిక దొరికింది. చదువుకుంటే తప్పులే తప్పులు. ఆ చివరి మాటకైతే పేజీ అడుగున ఎనిమిది లైన్ల వివరణ పెట్టాను. మా వైపు మొగుడు పెళ్ళాన్ని ఆ మాట అడగడమంటే ఏమిటో, అడక్కపోవడమంటే ఏమిటో, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా రాసుకుపోయాను. ఇవాళైతే ఒక్క ముక్క కూడా ఉంచను. ఎర్ర పెన్సిలు తీశాను కూడా. కానీ ఆ ఎనిమిది లైన్లలో ఓ కుర్రాడు, ప్రపంచం మొత్తాన్నీ చొక్కా పట్టుకుని ఆపి, "ఒక్క నిమిషం, మా అత్త సంగతి వినండి!" అంటున్నాడు. మధ్యలో మాటకడ్డం రావడం బాగుండదనిపించి, పెన్సిలు పక్కన పెట్టేశాను.