బూడిద రంగు వద్దన్నారు

బస్సెక్కేటప్పుడు మెరిసే కడ్డీ కనబడితే నేను చెయ్యి వెయ్యను. సీటు అంచో, పక్కవాళ్ళ భుజమో పట్టుకుని ఎక్కుతాను. ఎవరైనా విసుక్కుంటే నేనూ తిరిగి విసుక్కుంటాను గానీ కడ్డీ మాత్రం ముట్టుకోను. పైకి తళతళలాడే గొట్టం లోపల ఏముంటుందో ఒకసారి చూశాను. అది ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

రాజమండ్రిలో మా నాన్నకు బళ్ళ సామాను కొట్టు ఉండేది. జీపులకు, వ్యాన్లకు పైన కేరియర్లు, ముందు బంపర్లు, వెనకనుంచి ఎక్కే నిచ్చెనలు చేయించి బిగించేవాళ్ళు. ఇల్లూ కొట్టూ ఒకే కప్పు కింద. నాన్నకు ఒక పిచ్చి ఉండేది. రంగు వేసిన గొట్టం ముక్క ఒకటి, తళతళలాడే క్రోమ్ పూత వేసినది ఒకటి, కరిగిన జింకులో ముంచి తీసినది ఒకటి, మూడింటినీ ఉప్పునీళ్ళ జాడీల్లో వేసి పెరట్లో పెట్టేవాడు. ఏది ఎన్నాళ్ళు తుప్పు పట్టకుండా ఆగుతుందో చూడాలని ఆయన తాపత్రయం. "ఆవకాయ పక్కన ఇనుము ఊరబెట్టిన ఇల్లు ఊళ్ళో మనదొక్కటే. ఆ ఊరగాయ మీరే వడ్డించుకుని తినండి" అనేది మా అమ్మ.

జాడీల్లో ఎప్పుడు చూసినా జింకుదే గెలుపు. కొట్లో మాత్రం దాన్ని అడిగే నాథుడు లేడు. అది వేయించాలంటే సామాను విశాఖపట్నం పంపాలి, ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యాన్నయినా ఓర్చుకునేవాళ్ళేమో గానీ, అసలు గొడవ రంగుతోనే. మెరుపు లేని బూడిద రంగు అది. కొత్త బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తీసుకెళ్ళేవాళ్ళు ఆ రంగు చూడగానే మొహం తిప్పుకునేవాళ్ళు.

ఉప్పాడ నుంచి ఒక చేపల వ్యాపారి, భార్యను వెంటబెట్టుకుని, కొత్త వ్యానుకు నిచ్చెన చేయించడానికి వచ్చాడు. నాకు ఇంటరు అయిపోయి, సంబంధాలు చూస్తున్న రోజులవి. కొట్లో కూర్చోవద్దంటే పనిగట్టుకుని కూర్చునేదాన్ని. నాన్న మూడు పూతలవీ కొత్త ముక్కలు బల్ల మీద పెట్టాడు.

"మీది సముద్రం ఒడ్డండి. బుట్టల్లోంచి ఉప్పునీళ్ళు కారుతూనే ఉంటాయి. క్రోమ్ పైపైనే పడుతుంది, గొట్టం లోపలికి పోదు. జింకైతే లోపలా బయటా పడుతుంది. నా మాట వినండి" అన్నాడు.

ఆయన వినేలాగే ఉన్నాడు. భార్య ఆ జింకు ముక్కను చేతిలోకి తీసుకుని, వెంటనే బల్ల మీద పెట్టేసింది.

"కొత్త బండికి బూడిద పూస్తారాండి ఎవరైనా? కాటి నుంచి తెచ్చినట్టుంది. ఆ మెరిసేదే పెట్టించండి."

"ఇంటావిడ మాట కాదంటే నాకు అన్నం దొరకదండి" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే నాకూ ఆ మెరిసేదే నచ్చింది. నాన్న "సరేనమ్మా" అన్నాడు. వ్యానుకు నిచ్చెన బిగించిన రోజు ఆవిడ అందులో మొహం చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. మా వైపు మగవాళ్ళందరూ చేసే పనే ఆ చేపల వ్యాపారీ చేశాడు. కదులుతున్న వ్యాను వెనక నిచ్చెన మీద నిలబడి, గొట్టం పట్టుకుని వెళ్తున్నాడు. గొట్టం విరిగి చేతిలోకి వచ్చేసింది. రోడ్డు మీద పడి అక్కడికక్కడే పోయాడు.

కర్మకాండ అయ్యాక ఆవిడ తన అన్నను తోడు తీసుకుని కొట్టుకు వచ్చింది. విరిగిన ముక్కను పాత చీర పేలికలో చుట్టి తెచ్చింది. బల్ల మీద విప్పింది. పైన అక్కడక్కడా చుక్కలు తప్ప అది ఇంకా మెరుస్తూనే ఉంది. లోపలి నుంచి మాత్రం ఎర్రటి పొడి రాలింది. కుంకుమ భరిణె ఒలికినట్టు బల్లంతా ఎర్రబడింది. ఆవిడ ఏడవలేదు.

"ఒక్క మాట చెప్పండి షావుకారుగారూ. ఆ రోజు మీరు చెప్పిన బూడిద రంగుదే పెట్టించుకుని ఉంటే, మా ఆయన బతికేవాడాండి?"

జవాబు నాన్నకు తెలుసు, నాకు తెలుసు. ఆ జవాబు వింటే ఆవిడ ఇంటికి వెళ్ళదేమో, దారిలో ఏ నూతిలోనో దూకుతుందేమో అనిపించేలా ఉంది ఆవిడ మొహం. నాన్న ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"లేదమ్మా. తప్పు పూతది కాదు. మా కొట్లో వెల్డింగు సరిగ్గా వెయ్యలేదు. మీరు ఏ రంగు పెట్టించుకున్నా ఇది విరిగేదే."

ఆవిడ లేచింది. "మీ చేతులు పడిపోను! మీ కొట్టు మూతబడ!" అని వీధంతా వినబడేలా తిట్టింది. నాన్న తల వంచుకుని విన్నాడు.

వాళ్ళు వెళ్ళగానే నేను నాన్న మీద విరుచుకుపడ్డాను. "వెల్డింగు అతుక్కి జానెడు దూరంలో విరిగిందది. కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. ఎందుకు చెప్పావు అబద్ధం?"

"నిజం చెబితే మనిషి పోతుందే. అబద్ధానికి కొట్టేగా పోయేది" అన్నాడు.

అన్నట్టే కొట్టు పోతూ వచ్చింది. సముద్రం వైపు బేరాలు ముందు ఆగిపోయాయి, తర్వాత ఊళ్ళోవి. నాన్న జాడీలన్నీ పారబోశాడు. ఇంట్లో కిటికీ ఊచలు, ఉయ్యాల గొలుసులు, నా మంచం కోళ్ళు వేలి ముడుకుతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు. "ఏదో రాలుతున్నట్టు లేదూ?" అని అడిగేవాడు. అమ్మ "ఏమీ లేదు, తినండి" అనేది. నాకు మాత్రం భయంగా ఉండేది. ఎందుకంటే కొన్నాళ్ళకు నాకూ వినబడడం మొదలైంది, సన్నగా, గోడలోంచి పొడి రాలుతున్నట్టు. నా పెళ్ళయి కాకినాడ వెళ్ళినా ఆ చప్పుడు నన్ను వదల్లేదు. కొట్టు మూతబడ్డాక నాన్న ఎక్కువ కాలం లేడు.

ఆయన పోయిన మరుసటి ఏడు, ఆడపడుచు పెళ్ళికి చీర కొందామని ఉప్పాడలో ఒక నేతవాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. తన ఇల్లు సముద్రం కోతకు పోతే ఆ పక్కనే అద్దెకు ఉంటోందట. నన్ను పట్టి పట్టి చూసింది.

"మీరు రాజమండ్రి బళ్ళ కొట్టు షావుకారుగారి అమ్మాయి కదండీ?"

అప్పుడు గుర్తుపట్టాను. నా ఒళ్ళు మండిపోయింది. "అవును. మీరు శాపం పెట్టారుగా, కొట్టు మూతబడింది. మా నాన్న కూడా పోయాడు" అన్నాను.

ఆవిడ అరుగు దిగి నా దగ్గరికి వచ్చింది.

"వెల్డింగు దగ్గర విరగలేదని నాకు ఆ రోజే తెలుసమ్మా."

"తెలిసి తిట్టారా?"

"తెలిసే తిట్టానండి. తిట్టడానికి మీ నాన్నగారు దొరక్కపోతే నన్ను నేనే తిట్టుకోవాలి. అలా తిట్టుకుంటూ కూర్చుంటే పిల్లలకు నేనూ మిగలనని భయమేసింది."

"ఒక్కసారి వచ్చి ఆ ముక్క ఆయనకు చెబితే మీ సొమ్మేం పోయేది?"

"వచ్చానమ్మా. మీ పెళ్ళయి మీరు వెళ్ళిపోయాక వచ్చాను. కాళ్ళు పట్టుకుని చెబుదామనే వచ్చాను. నన్ను చూడగానే మీ నాన్నగారు లేచి నిలబడి, తిట్టించుకోడానికి తల వంచుకున్నారు. అలా చూసేసరికి నాకు చెప్పాల్సిన మాట రాలేదు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తిట్టేసి వచ్చేశాను."

నేను తిట్టాను. నాన్న పడ్డదంతా ఏకరువు పెట్టి, పెద్దావిడని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ రోజు మా కొట్లో ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేతవాళ్ళు మగ్గం ఆపి పరుగెత్తుకొచ్చి నన్ను వారించబోయారు.

ఆవిడ వాళ్ళకు చేతులు అడ్డం పెట్టింది.

"ఆపకండి. అననివ్వండి."