మా మేడం, వెదురు మీది బొడిపెలు

మా బోటనీ మేడం పోయారు. పోయిన వారం టాటానగర్ నుంచి వచ్చిన తమ్ముడు రైలు దిగుతూనే చెప్పాడు. గుండె ఆగిందట. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మేడంది శ్రీకాకుళం వైపు. జంషెడ్‌పూర్ కాలేజీలో పాఠం ఇంగ్లీషులో చెప్పినా, నేను తెలుగుపిల్లనని తెలిశాక నాతో మాత్రం మా ఇంటి మాటల్లోనే మాట్లాడేవారు. ఆ ఊళ్ళోనే కద్మా అనే పేటలో ఆవిడ ఇల్లు, ఇంటి వెనక వెదురు పొద. దాని సన్నకొమ్మల మీద గులాబిరంగు బొడిపెలు వచ్చేవి. అదొక శిలీంధ్రం. అది ఏ వంశానిదో తేల్చాలని ఆవిడ పట్టుదల. ఇంట్లో సాసర్లన్నిట్లో ఆ బొడిపెలే ఆరుతుండేవి. మాకు చాయ్ ఉత్తి గ్లాసుల్లోనే.

"పైపైన చూసి పేరెట్టీకూడదమ్మా. కోసి చూడాల. బీజాలు తిత్తి లోపలుంటే ఒక వంశం, కాడల మీద బైటుంటే ఇంకో వంశం" అనేవారు. కోసిన ప్రతి బొడిపే లేతగా ఉండేది. లోపల ఏమీ కనబడేది కాదు.

ఆ ఏడు ఊళ్ళో మతగొడవలు రేగాయి. కర్ఫ్యూ పెట్టడంతో నేను మేడం ఇంట్లోనే చిక్కుకుపోయాను. మా ల్యాబ్ అటెండరుది వేరే మతం. అతన్నీ, భార్యనీ, చంటిపిల్లనీ మేడం వంటింట్లో దాచారు. ఒక మధ్యాహ్నం గొడ్డళ్లతో గుంపు వచ్చింది. లాఠీలకి వెదురు కావాలని పొద నరకడం మొదలెట్టారు. మేడం కిటికీ దగ్గర నిలబడి నోరు మెదపకుండా చూశారు. అంతలో చంటిపిల్ల ఏడ్చింది.

గుంపు లోపలికి వచ్చింది. మేడం వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"హట్ జాయియే, మేడంజీ," అన్నాడు ముందున్నవాడు.

"నాను తప్పుకోను." కోపంలో ఆవిడకి హిందీ రాలేదు.

అప్పుడే నరికిన పచ్చి వెదురుతో కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకి మోచేతి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మేడం గోడకి ఆనుకుని జారి కూలబడ్డారు గానీ గుమ్మం వదల్లేదు. వాడు మళ్ళీ కర్ర ఎత్తాడు. ఇంతలో వీధి చివర మిలిటరీ లారీ చప్పుడు. గుంపువాళ్ళు కిటికీ అద్దాలు పగలగొడుతూ పారిపోయారు. ఆ లారీలోనే అటెండరు కుటుంబం బంధువుల ఇంటికి క్షేమంగా చేరింది.

శిలీంధ్రం పట్టిన వెదురు కనకే కర్ర విరిగి మేడం బతికారని తర్వాత కాలేజీలో ఒక కథ పుట్టింది. అది విని ఆవిడ మండిపడ్డారు. "ఏటా మాటలు? ఆ శిలీంధ్రం కొమ్మల మీదే బతుకుతాది, బొంగునేటీ చెయ్యదు. కర్ర ఇరగలేదు. నా చెయ్యి ఇరిగింది."

కట్టు కట్టించుకొచ్చిన మర్నాడే పెరట్లో నరికి పడేసిన, అన్నాళ్ళూ చేతికందని పైకొమ్మల మధ్య కూర్చుని ముదిరిన బొడిపెలు ఏరారు. "నువ్వు కోయమ్మా," అని బ్లేడు నా చేతికిచ్చారు. మైక్రోస్కోపులో తిత్తులు కనబడ్డాయి, లోపల వరసగా బీజాలు. ఆవిడ చాలాసేపు చూశారు.

"తిత్తి వంశమే," అన్నారు. అంత దెబ్బకీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చారు.

ఆ కుడిచెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. బోర్డు అడుగున, నడుము ఎత్తులో, ఆ తిత్తుల బొమ్మ గీసేవారు. ముందువాళ్ళ తలలు అడ్డొచ్చి వెనక బెంచీలవాళ్ళు లేచేవారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు. ఆవిడ వెనక్కి తిరిగేసరికి క్లాసంతా నిలబడి ఉండేది.