అత్త చెవికి నచ్చిన పెట్టె

మా మేనత్త చనిపోయిందన్న కబురు మేళ్లచెరువు బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు వచ్చింది. బూత్ అతను నేను పాఠాలు చెప్పే బడికి మనిషిని పంపాడు. నేను వెళ్లి ఫోన్ తీస్తే అవతల మా తమ్ముడు. "అక్కా, అత్త చనిపోయింది. పొద్దుగాల చాయ్ తాగి జరసేపు ఒరుగుత అన్నది. మల్ల లేవలే. నువ్వు జల్ది రా" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. హైదరాబాద్ మీదుగా పోవాలా, నల్లగొండలో దిగి దేవరకొండ బస్సు పట్టుకోవాలా అని ఆలోచించాను. మహబూబ్‌నగర్ చేరేసరికి సాయంత్రమైంది. అప్పటికే అంతా అయిపోయింది. వాకిట్లో ఆమె దగ్గర పాట నేర్చుకున్న ఆడవాళ్లు గుంపుగా కూర్చొని ఉన్నారు. ఒక్కరూ పాడటం లేదు. పాడితే తప్పు పట్టే మనిషి లేకపోయాక పాడటానికి వాళ్లకు ధైర్యం చాలలేదనుకుంటాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలియాల్సినంత పేరు ఆమెకు రాలేదు, ఆమె కోరుకోనూ లేదు. కల్వకుర్తి వైపు పల్లెలో గొర్రెల మందతో పెరిగిన మనిషి. పెళ్లయి మహబూబ్‌నగర్ వచ్చాక భర్త దగ్గర హార్మోనియం నేర్చుకుంది. ఆయన తొందరగానే పోయాడు, పెట్టె మిగిలింది. ఆ పెట్టెతోనే కిరాయి ఇంటి ముందుగదిలో వీధి ఆడవాళ్లకూ పిల్లలకూ పాట నేర్పింది. పాటంటే చెవి కోసుకునేది. అదే చెవితో సంసారం కూడా చేసేది.

ఇది వేళాకోళానికి అంటున్నది కాదు. ఏ వస్తువైనా ఆమె విని కొనేది. కుండను వేలి మడతతో కొట్టి వినడం అందరూ చేసేదే. ఆమె గొళ్లేన్ని, తాళాన్ని, చెప్పుల జతను కూడా వినేది. ప్రెషర్ కుక్కర్ కొనేటప్పుడు కొట్లోనే స్టవ్ వెలిగించి విజిల్ వినిపించమంటే, కొట్టతను నా మొహం చూశాడు. నేను వీధిలోకి చూశాను. "కంటికి అన్నీ కొత్తగనే కనవడ్తయి బిడ్డా. చెవి అబద్ధమాడదు" అనేది. మందలో ఏ గొర్రె ఎటు తప్పిపోయిందో మెడలోని గంటను బట్టి పట్టేదట చిన్నప్పుడు. మా నాన్న చెప్పేవాడు. ఆయన ఆమె తమ్ముడే కాబట్టి కొంత కలిపి చెప్పి ఉండవచ్చు.

అలాంటి మనిషికి ఎడమ భుజం పట్టేసింది. మొదట్లో చెయ్యి పైకి లేవలేదు. తర్వాత ముందుకూ వెనక్కూ కూడా కదల్లేదు. హార్మోనియం వాయించేవాళ్లకు తెలుసు, కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే ఎడమచెయ్యి వెనకాల తిత్తి ఊపుతూ ఉండాలి. తిత్తి ఆగితే పాట ఆగినట్టే. దవాఖానలో డాక్టరు మాత్రలు రాసి, ఆ చేతితో ఆ పని ఇక వద్దన్నాడు. ఎన్నాళ్లు వద్దు అని ఆమె అడిగింది. ఆయన మందుచీటీ చూస్తూ కూర్చున్నాడు.

ఎండాకాలం సెలవులకు నేను వెళ్లినప్పుడు ముందుగదిలో చాప చుట్టి పెట్టి ఉంది. పాట నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు, తనే వద్దన్నది. పెట్టె ఆనుకోకుండా పాడటం ఆమెకు రాదు. ఒక్కసారి కూడా పాడలేదట. పట్టుకోవడానికి స్వరం లేకపోతే గొంతు ఎటు పోతుందో తెలియదనేది. కూర మాడిందనీ, నల్లా రాలేదనీ, నేను గట్టిగా నడుస్తున్నాననీ పొద్దస్తమానం కోప్పడేది. నాకు భయం వేసింది. భర్త పోయినప్పుడు కూడా పాట మానని మనిషి ఇప్పుడు మానేసింది.

నేను తిత్తి ఊపుతానన్నాను. ఒక పూట ప్రయత్నించాం.

"పాటకు ఊపుతున్నవా, పొయ్యి ఊదుతున్నవా?" అన్నది.

"సరిగ్గనే ఊపుతున్న గద అత్తా."

"నాకు గాలి కావాల్సినప్పుడు నీకు ఎట్ల తెలుస్తది? ఒకరి ఊపిరి మీద ఇంకొకరు పాడొద్దు బిడ్డా. బంద్ పెట్టు."

శ్రుతిపెట్టె తెస్తానన్నాను. "అది ఎప్పుడు చూసినా ఒక్కటే మాట అంటది. అసొంటోళ్లతోని నాకు పొసగదు" అన్నది. ఇక మిగిలింది కరెంటు పియానో. అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి, కీబోర్డు అని కొందరూ పియానో అని కొందరూ అనేవాళ్లు. గాలి అక్కర్లేదు, తిత్తి లేదు, ఎడమచేతికి పని లేదు. ఇది చెప్పగానే ఆమె చీర మార్చుకొని చెప్పులేసుకుంది.

క్లాక్ టవర్ దగ్గరి గల్లీలో హార్మోనియాలు బాగుచేసే భాయ్ ఉండేవాడు. మా మామ బతికున్నప్పటి నుంచి మా పెట్టెకు అతనే వైద్యుడు. రేడియోలు, టేపులు కూడా పెట్టి, కొత్తగా ఈ కీబోర్డులు రెండు రకాలవి తెప్పించాడు. "సలామ్ అమ్మా, చూడండ్రి, జపాన్ మాల్" అని ఒక బటన్ నొక్కాడు. డోలు, తాళాలు, బాకాలు, పెళ్లి ఊరేగింపు మొత్తం కొట్లోకి వచ్చింది. ఎవరూ వాయించకుండానే అది వాయిస్తూ పోయింది.

అత్త ఓపికగా వింది. "మంచిగున్నది భాయ్. గని అంతా గదే వాయిస్తే నేనేం జెయ్యాలె? పక్కన కూసొని పల్లీలు తినాల్నా?"

భాయ్ నవ్వి దాన్ని ఆపాడు. అన్ని మోతలూ ఆపించి, గల్లీ వైపు తలుపు కూడా మూయించి, ఆమె పని మొదలుపెట్టింది. చిన్న పెట్టె మెట్లు సన్నగా, పాలపళ్లలా ఉన్నాయి. ఒకటి ఒత్తితే పక్కది కూడా పలికింది. దాన్ని పక్కకు జరిపింది. పెద్దదాని మెట్లు హార్మోనియం మెట్లంతే ఉన్నాయి. ఖాళీగా ఒత్తి ప్లాస్టిక్ కటకట ఎంత వస్తుందో వింది. కింది స్వరాల దగ్గర స్పీకరు కొంచెం జీరపోతోందని చెప్పింది. మాకెవరికీ వినిపించలేదు. ఎత్తి చూసి, గొర్రెపిల్లలా సంకలో పెట్టుకొని పోవచ్చంది. చెవులకు పెట్టుకొని ఒక్కరే వినే తీగ కూడా ఉందని భాయ్ చెబితే, "మల్ల పక్కింటోళ్లకు ఏమొస్తది?" అన్నది.

తర్వాత ఒక మెట్టును మెల్లగా ఒత్తింది. మెల్లగా పలికింది. గట్టిగా ఒత్తింది. గట్టిగా పలికింది. హార్మోనియంలో అలా జరగదు, మెట్టును ఎలా ఒత్తినా ఒకటే, బలమంతా తిత్తి ఊపే చేతిది. ఆమె తన వేలిని చూసుకుంది. "గాలి పని గూడ వేలే చేస్తున్నది" అని నాతో మెల్లగా అన్నది. ఆ వేసవిలో ఆమె మొహం విప్పారడం నేను చూసింది అదే మొదటిసారి.

ధర ఆమె దాచుకున్న డబ్బుకు అందేదే. అయినా భాయ్ పైసలు తీసుకోలేదు. "ముందుగాల ఇంటికి తీస్కపోండ్రి అమ్మా. నాలుగు దినాలు వాయించండ్రి. మనసుకు పట్టకుంటె వాపస్" అన్నాడు.

మర్నాడే వాపసు తీసుకుపోయాం. ఇంట్లో ఆమె షడ్జం, అంటే 'స', ఒత్తి పట్టుకొని పాట ఎత్తుకుంది. రెండు మాటలు అనేలోగా స్వరం సన్నబడి ఆరిపోయింది. వేలు తియ్యలేదు, మెట్టు లోపలే ఉంది, పలుకు మాత్రం లేదు. మళ్లీ ఒత్తింది, మళ్లీ అంతే. ఆడలేక మద్దెల ఓడు అనకు అత్తా అని నేను ఆటపట్టించబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

"భాయ్, దీనికి దమ్ము లేదు. ఎక్కడ్నో గాలి పోతున్నది" అన్నది కొట్లో.

భాయ్ నవ్వలేదు. ఎందుకంటే అతనూ తిత్తుల మనిషే. చెవి ఆనించి విన్నాడు. మెట్టు ఒత్తి పట్టుకొని పెట్టె చుట్టూ అరచెయ్యి పెట్టి చూశాడు, గాలి తగులుతుందేమోనని. తగల్లేదు. డబ్బాలోంచి అదే రకం ఇంకొకటి తీశాడు. దాని స్వరమూ ఆరిపోయింది. "రెండూ గట్లనే ఉన్నయి, మాలే ఖరాబు వచ్చింది" అన్నాడు దిగులుగా. ఇద్దరూ ఆ పెట్టెకు అటొకరు ఇటొకరు, జబ్బు తెలియని మనిషి మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నారు. బడిలో పాఠాలు చెప్పే నాకు కూడా ఏమీ తోచలేదు. కరెంటు పెట్టెకు గాలి ఎందుకని అడగాలన్న బుద్ధి ముగ్గురిలో ఒక్కరికీ పుట్టలేదు.

రేడియో బాగుచేయించుకోవడానికి దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మ వచ్చింది. చర్చిలో పియానో వాయిస్తుందట. విషయం విని పకపకా నవ్వి, తర్వాత అత్త వయసు చూసి సర్దుకుంది.

"పియానో అంటె గంతే అమ్మా. కొడితే మోగుతది, మెల్లగ ఆగుతది. ఎంతసేపు పట్టుకున్నా ఆగుడే."

"ఆగుతే మనిషి ఏం పట్టుకొని పాడాలె?"

"నిలిచి పలకాలంటె గీ ఆర్గన్ బటన్ ఒత్తుకోండ్రి" అని చూపించింది. స్వరం హార్మోనియంలా నిలిచింది. భాయ్ అల్లాకు దండం పెట్టుకున్నాడు. అత్త మాత్రం మళ్లీ పాత బటన్ ఒత్తించి, ఆ ఆరిపోయే స్వరాన్నే ఒకసారి చివరిదాకా వింది. "గొర్రె మెడల గంట గూడ గంతే గద. దానికి దమ్ము లేదని ఎవరన్న అంటరా" అన్నది. పెట్టె ఇంటికి వచ్చింది.

చాప మళ్లీ పరిచారు. నేర్చుకునేవాళ్లకు ఆర్గన్ బటనే. తనకు మాత్రం, ఎందుకో గాని, ఆ ఆరిపోయేదే కావాలని పట్టుపట్టింది. మొదటి రోజుల్లో వినడం కష్టంగా ఉండేది. స్వరం ఆరిన చోట ఆమె గొంతు వణికేది, కిందికి జారేది. మళ్లీ మెట్టు ఒత్తి, ఎంత జారిందో చూసుకొని తనను తానే తిట్టుకునేది. హాయిగా ఆర్గన్ పెట్టుకో అత్తా అంటే, "ఇన్నేండ్లు గది నన్ను పట్టుకున్నది. ఇగ నేను పట్టుకోవాలె" అనేది. నాకు అది మొండితనంగా తోచింది. ఇప్పటికీ కొంతవరకు మొండితనమేననుకుంటాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆమె.

తర్వాతి ఏళ్లలో ఊళ్లో ఎవరు పిల్లలకు కీబోర్డు కొనాలన్నా ముందు ఆమెను తీసుకుపోయేవాళ్లు. ఎన్ని పాటలు వస్తాయి, ఎన్ని లైట్లు వెలుగుతాయని అడిగేవాళ్లకు ఆమె ఒకటే చెప్పేది. "బటన్లన్నీ బంద్ పెట్టు. ఒక్క మెట్టు ఒత్తు. అది ఆగేదాంక విను. గంత ఓపిక లేకుంటె కొనకు." కొందరు కొనకుండానే వెళ్లిపోయేవాళ్లు. భాయ్‌కి ఇది నష్టమే, అయినా ఆమెకు చాయ్ తెప్పించడం మానలేదు. మొన్న వాకిట్లో ఒక మూల నిలబడి కళ్లు తుడుచుకుంటూ కనిపించాడు.

నాకు సంగీతం రాలేదు. ఆమె ప్రయత్నించి వదిలేసింది. కాని తరగతిలో పిల్లవాడు జవాబు కోసం తడుముకుంటున్నప్పుడు అందించకుండా ఆగడం నాకు ఆమె వల్లే వచ్చింది. ఈ మాట ఆమె బతికుండగా చెప్పలేదు. చెప్పినా, "మంచిగున్నది, చాయ్ పెట్టు" అనేది. ఆమె లేకపోవడం నాకు బాధగానే ఉంది, ఈ రాతలో అది కనపడకపోయినా.

పోయిన ఎండాకాలం, నేను ఆమెను చివరిసారి చూసిన మధ్యాహ్నం. పాడేటప్పుడు ఫ్యాన్ చప్పుడు పడదని ఆపేసి, చెమట కారుతుంటే కిటికీ పక్కన కూర్చొని పాడుతోంది. ఎడమచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. కుడిచేతి వేలు ఎప్పుడో ఒకసారి మెట్టు మీద వాలుతోంది. నేను తలుపు దగ్గర బియ్యం చెరుగుతున్నాను. ఇంతలో పెట్టె మీది ఎర్రదీపం ఆరిపోయింది. కరెంటు తీశారు. ఇప్పుడు ఆపుతుంది కదా అని చూశాను. ఆమె వేలు మెట్టు మీద వాలింది, పలుకు రాలేదు, పాట మాత్రం సాగింది. మళ్లీ వాలింది, మళ్లీ సాగింది. చేట పక్కన పెట్టి విన్నాను. చరణం అయింది, ఇంకో చరణం ఎత్తుకుంది. ఎర్రదీపం మళ్లీ వెలిగింది. ఆమె గొంతు షడ్జం మీదికి దిగుతున్నప్పుడే వేలు కూడా వాలింది. ఈసారి పెట్టె పలికింది. గొంతు పలుకుకూ పెట్టె పలుకుకూ మధ్య వెంట్రుకంత సందు కూడా లేదని, చెవి లేని నాకు సైతం తెలిసింది.

"కరెంటొచ్చింది అత్తా" అన్నాను.

ఆమె వేలు మెట్టు మీదే ఉంచి, కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"లేకుండెనా?" అన్నది.