సగం చాయ్, మొత్తం గోలీ

మా చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు బస్సులో అందింది. కరీంనగర్ దవాఖానలో ఉన్న ఆమెను రెండోసారి చూడటానికి బెల్లంపల్లి నుంచి బయల్దేరాను. పెద్దపల్లి బస్టాండులో బస్సు ఆగి ఉండగా చిన్నమ్మ భర్త, మా చిన్నబాపు, ఫోన్ చేశాడు. "ఇగ రాకు బిడ్డా. మేమే వస్తున్నం" అన్నాడు. మేమే అన్నాడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వస్తున్నట్టు. నేను దిగి వాళ్ళ ఊరికి, గోదావరిఖనికి పోయే బస్సు ఎక్కాను.

ఇంటి ముందు అప్పటికే కుర్చీలు వేశారు. "ఏమైందట?" అని ఒకరు, "థైరాయిడ్ ఉండెనట, పక్షవాతం వచ్చిందట" అని ఇంకొకరు, "టైమొచ్చింది, మన చేతులేమున్నది" అని ఒక పెద్దమనిషి. ఆ పెద్దమనిషిని చొక్కా పట్టుకుని లేపాలనిపించింది. టైం రాలేదు. ఆమెకు ఏ టైమూ రాలేదు. ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు. ఏడుపు దినాలతోనే అయిపోయింది, కోపం మాత్రం అట్లాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మీ ముందు పెడుతున్నాను.

ఇంటర్ చదవడానికి నేను చిన్నమ్మ దగ్గరే ఉన్నాను. చిన్నబాపు బాయిలో, అంటే భూగర్భ గనిలో, సర్దార్. కార్మికుల కంటే ముందు లోపలికి దిగి, గ్యాస్ ఉందో లేదో చూసి, పైకప్పు తట్టి చూసి, పని మొదలుపెట్టించే మనిషి. వాళ్ళది రెండు గదుల క్వార్టర్. నల్లా నీళ్ళు వచ్చే వేళ ఆ లైనంతా చిన్నమ్మ గొంతే వినిపించేది. వరుస తప్పి బిందె పెట్టినవాళ్ళు ఎవరైనా సరే, ఆఫీసరు ఇంటి పనిమనిషైనా సరే, ఆ బిందె పక్కకు వెళ్ళిపోవాల్సిందే. కాలేజీలో లెక్చరర్ చెప్పింది అర్థం కాలేదని నేను మూల కూర్చుంటే నెత్తి మీద ఒక్కటి మొట్టేది. "నోరు బువ్వ తినెటందుకే ఉన్నదా? అడుగు. వాడేమన్న కొరుకుతడా?" అనేది. ఈరోజు నేను పదిమంది ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నానంటే ఆ మొట్టికాయల పుణ్యమే.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. చిన్నబాపు డ్యూటీకి బయల్దేరే ముందు ఒక్కటే గ్లాసు చాయ్. ఆయన సగం తాగి గ్లాసు ఆమె చేతికిచ్చి సైకిల్ ఎక్కేవాడు, తర్వాతి రోజుల్లో బండి. ఆయన సందు మలుపు తిరిగేలోపు ఆమె మిగతా సగం తాగెయ్యాలి. నోరు కాలినా సరే, వాకిట్లో నిలబడి, ఆయన వీపు చూస్తూ తాగేది. లైనులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏందక్కా, ఇంట్ల ఇంకో గ్లాసు లేదా?" అని ఆటపట్టించేవాళ్ళు. "ఒక్క గ్లాసుల సగం సగం తాగినోళ్ళం. ఒక్కల్నే ఎట్ల మింగుతది బాయి?" అనేది ఆమె. పెళ్ళయిన కొత్తలో చిన్నబాపు షిఫ్టులో పైకప్పు కూలిందట. ఆయన బయటపడ్డాడు గానీ పక్కింటాయన రాలేదు. ఆనాటి నుంచి ఆ సగం గ్లాసు. ఆయన డ్యూటీ చేసినన్నాళ్ళూ అది తప్పలేదు. ఆయనకు ఏమీ కాలేదు కూడా. కాబట్టి ఆ చాయ్ పనిచేయలేదని నేను ఏ నోటితో అనను?

నేను చదువైపోయి వచ్చేసిన కొన్నేళ్ళకు చిన్నమ్మ ముఖం ఉబ్బింది. జుట్టు చేతికి ఊడివచ్చేది. మండుటెండల్లో చలి అంటూ దుప్పటి కప్పుకునేది. చుట్టాలు "తిని కూసుంటె ఒళ్ళు రాదా" అన్నారు. నల్లా దగ్గర సింహంలా నిలబడే మనిషి బిందె ఎత్తలేక గట్టు మీద కూర్చుంటే, బద్ధకం అన్నారు. చివరికి ఎవరో రక్తం పరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువని తేలింది. బజారులో ఒక క్లినిక్ డాక్టరు గోలీ రాసిచ్చాడు. పొద్దున్నే వేసుకోవాలన్నాడు. ఎట్లా వేసుకోవాలో, దేంతో వేసుకోకూడదో చెప్పలేదు.

ఆమె ఏం చేసిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. మరిచిపోకుండా ఉండాలని గోలీని ఆ సగం చాయ్‌కి ముడిపెట్టింది. ఫస్ట్ షిఫ్టు వారం పొద్దున్నే పాల చాయ్‌తో, సెకండ్ షిఫ్టు వారం మధ్యాహ్నం బువ్వ తిన్నాక, నైట్ షిఫ్టు వారం రాత్రి పొద్దుపోయాక. ఆయనతో పాటు ఆ గోలీ కూడా షిఫ్టులు మారింది. ఖాళీ కడుపున, నీళ్ళతో వేసుకోవాల్సిన గోలీని, ఆ తర్వాత ఓ అరగంటో గంటో ఆగి తాగాల్సిన చాయ్‌తోనే ఏళ్ళ తరబడి వేసుకుంది. అందులో ఎంత ఒంటికి పట్టిందో, ఎంత వృథా పోయిందో ఎవరికీ తెలియదు. రిపోర్టులో టీఎస్‌హెచ్ నెంబరు దిగలేదు. డాక్టరు కాగితం చూసి డోసు పెంచాడు. మళ్ళీ దిగలేదు, మళ్ళీ పెంచాడు. అట్లా పెంచుతూ పెంచుతూ చివరికి నెంబరును దారిలోకి తెచ్చి, "ఇగ గిదే, జీవితాంతం వేసుకో" అన్నాడు. ఒక్కసారైనా తలెత్తి, అమ్మా ఈ గోలీ ఎట్లా వేసుకుంటున్నావు అని అడిగాడా? అడగలేదు. మరి అందరినీ అడగమని చెప్పిన చిన్నమ్మ ఏం చేసింది? "సారు తాన మస్తు మంది ఉంటరు బిడ్డా, ఆయనకు పుర్సత్ ఏది" అనేది. నల్లా దగ్గర ఆఫీసరు ఇంటి బిందెను జరిపిన మనిషి, ఆ కుర్చీ ముందు నోరు మూసుకుని కూర్చుంది. నాకు ఆమె మీద కూడా కోపమే.

చిన్నబాపు రిటైర్ అయ్యాడు. క్వార్టర్ అప్పజెప్పి ఓపెన్‌కాస్ట్ గనికి, అంటే పైనుంచి పేల్చి తవ్వే గనికి, దగ్గర్లో ఉన్న కాలనీలో ఇల్లు చూసుకున్నారు. డ్యూటీ లేదు కాబట్టి సగం చాయ్ అవసరం లేకపోయింది. ఆయన ఎండ ఎక్కేదాకా పడుకునేవాడు. ఆమె అలవాటుగా చీకటితో లేచి, ముఖం కడుక్కుని, గోలీ నీళ్ళతో మింగి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, ఆయన లేచాకే చాయ్ పెట్టేది. ఎవరూ చెప్పకుండానే సరిగ్గా వేసుకోవడం మొదలైంది. గోలీ మాత్రం పాతదే, సగం వృథా పోతున్న రోజుల్లో పెంచుకుంటూ వచ్చిన పెద్ద డోసు. ఇప్పుడు అది మొత్తం ఒంటికి పట్టింది.

చిన్నమ్మ సన్నబడింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. "మంచిగైనవక్కా, ఏం తింటున్నవ్?" అన్నారు. చేతులు వణికేవి. నిద్ర లేదు. గుండె దడదడలాడేది. ఆ కాలనీలో రోజూ మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ అవుతుంది, గిన్నెలూ కిటికీలూ కదులుతాయి. "దాంతోనే అందరి గుండె గట్లనే కొట్టుకుంటది, ఫికర్ చెయ్యకు" అన్నారు పక్కవాళ్ళు. బ్లాస్టింగ్ లేని ఆదివారం కూడా ఎందుకు కొట్టుకుంటున్నదని ఎవరూ అడగలేదు.

కాలనీలో ఎవరో రక్తపరీక్షల శిబిరం పెడితే ఆమె కూడా ఇచ్చింది. రిపోర్టు చిన్నబాపు చేతికి వచ్చింది. టీఎస్‌హెచ్ దగ్గర సున్నాకు ఆనుకుని ఒక అంకె. ఆయన జీవితమంతా బాయిలో గ్యాస్ చూసినవాడు. గ్యాస్ అంకె పెరిగితే ప్రమాదం, సున్నా అయితే నిమ్మళంగా పని చేసుకోవచ్చు. ఆ అంకె చూసి మనుషులను లోపలికి పంపినవాడు, ఎందరి ప్రాణాలో కాపాడినవాడు. ఈ కాగితం కూడా అట్లాగే చదివాడు. "ఇగో చూడు, సున్నకొచ్చింది. నీ రోగం పోయినట్టే. గా గోలీ మాత్రం ఇడువకు" అన్నాడట. ఆమె నమ్మింది. ఆయన సేఫ్ అంటే సేఫే.

ఆమె కుడి చెయ్యి పడిపోయి, మాట పోయిన మర్నాడు నేను కరీంనగర్ దవాఖానకు వెళ్ళాను. అక్కడ ఒక డాక్టరమ్మ మందుల సంచీ బోర్లించి చూసి, చిన్నబాపును మొదటగా అడిగిన మాట ఇది. "ఈ గోలీ ఆమె ఎప్పుడు వేసుకుంటది? దేంతోని?" అంతే. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. నాకు అక్కడే గోడకు తల కొట్టుకోవాలనిపించింది. చిన్నబాపు సగం చాయ్ నుంచి సున్నా దాకా అంతా చెప్పాడు. డాక్టరమ్మ ఓపికగా విన్నది.

"గొంతు దగ్గరి గ్రంథి పనిచెయ్యకుంటే మెదడు దాని మీద కేకలేస్తది. గా కేకనే ఈ నెంబరు. మందు చాలకుంటే కేక పెరుగుతది. మందు ఎక్కువైతే మెదడు సప్పుడు చెయ్యకుంట కూసుంటది. సున్నకొచ్చిందంటే తగ్గిందని కాదు, గోలీ ఎక్కువైందని" అన్నది. గోలీ ఎక్కువైతే పెద్ద వయసు వాళ్ళలో గుండె లయ తప్పవచ్చనీ, అప్పుడు లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చనీ చెప్పింది. "ఇదొక్కటే కారణమని నేను రాసియ్యలేను. కానీ డోసు తగ్గించాల్సి ఉండె. డోసు మారినా, వేసుకునే తీరు మారినా, నెలన్నర రెండు నెలలకు మళ్ళ రక్తం చూడాలె" అన్నది.

చిన్నబాపు బోర్లించిన మందులను ఒక్కొక్కటిగా మళ్ళీ సంచీలో వేశాడు. "సున్న అంటే మంచిదనుకున్న" అన్నాడు. ఆయన మీద అరుద్దామని నోరు తెరిచాను. ఆయన చేతులు చూసి మూసుకున్నాను. కానీ మిగతా వాళ్ళ మీద కోపం తగ్గలేదు, తగ్గదు. కాగితానికి వైద్యం చేసిన ఆ క్లినిక్ మీద, రిపోర్టు చేతిలో పెట్టి ఒక్క మాట చెప్పకుండా టెంట్ పీక్కుని పోయిన ఆ శిబిరం మీద, ఉబ్బితే బద్ధకమనీ సన్నబడితే అందమనీ అన్న మనందరి మీద. ఇది చదివి ఎవరూ భయపడి గోలీ మానెయ్యొద్దు. మానినా ప్రాణం మీదికే వస్తుంది. పోయి అడగండి. డాక్టరు ముఖం చిట్లించినా కుర్చీలోంచి లేవకండి. వాళ్ళేమీ కొరకరు.

చిన్నమ్మ పోయిన రోజు మధ్యాహ్నం ఆమెను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయే వేళ అయింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు కాబట్టి పక్కింటామె చాయ్ తెచ్చి చిన్నబాపు చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ ముట్టని మనిషి దాన్ని తీసుకుని, నిలబడి, సగం తాగాడు. మిగతా సగాన్ని ఎవరికీ ఇవ్వలేదు. గడప పక్కన అరుగు మీద, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట పెట్టి, పాడె ముందు నడిచాడు.

మేం ఆడవాళ్ళం వాకిట్లోనే ఆగిపోయాం. నేను ఒకసారి పాడె వైపు, ఒకసారి గ్లాసు వైపు చూస్తూ నిలబడ్డాను. దాన్ని తాగడానికి నాకు హక్కు లేదు, పారబోయడానికి చెయ్యి రాలేదు. పాడె సందు మలుపు తిరిగింది. అదే సమయానికి గనిలో బ్లాస్టింగ్ అయింది. కిటికీలు గలగలమన్నాయి. అరుగు మీద సగం గ్లాసు చాయ్, మీగడ కట్టి, అంచుల దాకా వణికింది.