కొత్త డబ్బాలో వచ్చిన బ్రేకులు

గల్ఫ్‌లో సహం అనే ఊళ్లో నేను పనిచేసే వర్క్‌షాపులో ఒక లేబర్ బస్సుకు బ్రేక్ ప్యాడ్లు మార్చడం నెలనెలా తద్దినమైపోయింది. మంచి ప్యాడ్లు వేస్తే ఏడాది దాకా ముట్టుకోనక్కర్లేదు. ఇవేమో నెల తిరక్కుండానే గట్టిపడి, గాజులా నున్నగా తేలి, దిగుడు రోడ్డు మీద కాలిన వాసన కొట్టేవి. ఒకసారి విప్పితే పైపొర ఇనప ప్లేటు మీంచి పెచ్చులా ఊడి నా అరచేతిలో పడింది.

డబ్బా మాత్రం పాతదే. అదే రంగు, అదే కంపెనీ పేరు. ఆ కంపెనీ ఇప్పుడు ప్యాడ్లు సొంతంగా చేయడం మానేసి ఇంకెవరికో అప్పగించిందని, వాళ్లు మరొకరికి ఇచ్చారని సప్లయర్ మనిషి చల్లగా చెప్పాడు. ఊడిన పెచ్చును పంపి ఫిర్యాదు చేస్తే, తయారు చేసినవాళ్లను అడగండని కంపెనీ జవాబిచ్చింది. వాళ్లెవరో డబ్బా మీద ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ బస్సు డ్రైవర్‌ది జగిత్యాల వైపు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలుస్తాడు. రోజూ కూలీలను ఎక్కించుకుని కొండ దారిలో సైట్‌కు తీసుకెళ్తాడు. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం బస్సు తెచ్చి నిలబెట్టి, దిగకుండా స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాడు.

“ఏమైందిర?” అన్నాను.

“దిగుడుల బ్రేక్ పట్టలేదన్నా. గేర్ల మీద ఆపిన. ఎనుక అందరు పండుకున్నరు, ఎవలకు ఎరుకనే లేదు.”

“మీ ఆఫీసుల చెప్పినవా?”

“కొత్తయి ఏయించుకో పో అంటున్నరు. నడుపనంటే ఇంకొకన్ని వెడ్తరు, నన్ను ఇంటికి తోలుతరు.”

ఆ ప్యాడ్లు ఇక వేయనని మేనేజర్‌తో చెప్పాను. పాతబస్తీ మనిషి, చెడ్డవాడు కాదు. “క్యా కరూఁ భాయ్? సప్లయర్ కే పాస్ సే యహీచ్ ఆతా. తుమ్ నై డాలే తో దూస్రా డాల్తా,” అన్నాడు. నిజమే, సప్లయర్ దగ్గర్నుంచి వచ్చేవి ఇవే, నేను కాకపోతే ఇంకో మెకానిక్ వేస్తాడు.

వర్క్‌షాపు వెనక అదే మోడల్ బస్సు ఒకటి తుక్కు కింద పడి ఉంది. దాని ప్యాడ్లు వెనకటివి, కంపెనీ తానే చేసినప్పటివి. సగం అరిగాయి గానీ ఎక్కడా పగులు లేదు. శుభ్రం చేసి డ్రైవర్ బస్సుకు బిగించాను. ఇద్దరమే కొండ దిగుడుకు వెళ్లి చూశాం. తొక్కిన చోట ఆగింది. వాడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కొత్తవి వేసి బస్సు బోల్తా పడితే నన్ను ఎవరూ ఏమీ అనరు. డబ్బా ఉంది, పేరున్న కంపెనీ ఉంది. తుక్కువి వేశాక ఏం జరిగినా చేసింది నేనే. మంచి బ్రేకు వేసి నా మెడకు నేనే ఉరి తగిలించుకున్నాను. మేనేజర్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

అప్పటినుంచి ఆ బస్సు మీద ఎవరినీ చేయి వేయనివ్వడం లేదు. ఇంకొకరు చక్రం విప్పితే, పాతవి తీసి పారేసి కొత్తవి పెట్టేస్తారు. వాళ్ల తప్పేం లేదు, పని పద్ధతే అది. సెలవిస్తామన్నా భయమేసి వెళ్లలేదు.

పోయిన నెల నా కాంట్రాక్టు అయిపోయింది. ఇక ఇంటికి వచ్చేస్తానని మా ఆవిడకు మాటిచ్చి ఉన్నాను. ఆ సంగతి విని డ్రైవర్ ఒక్కటే అడిగాడు. “నువ్వు వోతే నా బండి ఎవలు చూస్తరన్నా?” వాణ్ని కసురుకున్నాను. తర్వాత వెళ్లి రెన్యూవల్ మీద సంతకం పెట్టాను.

“మల్ల రెండేండ్లా? ఎవలు పట్టుకున్నరు నిన్ను ఆడ?” అని మా ఆవిడ ఫోన్లో ఏడ్చింది. 

మొన్న శుక్రవారం పక్క ఊరు ఖబూరా దాకా తుక్కు యార్డులన్నీ తిరిగొచ్చాను. ఆ పాత ప్యాడ్లు ఎక్కడా లేవు. బస్సుకున్నవి పలచబడుతున్నాయి.