గుర్రుమనడం మానిన కుక్క

మొన్న మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏడాది నిండని పసిబిడ్డ కుక్క మెడ పట్టుకుని వేలాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడి నవ్వుతున్నారు. కుక్క మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంది. కంటి చివర తెల్లగుడ్డు కనిపిస్తోంది. "ఆ బిడ్డను తీయమని చెప్పు" అన్నాను. ఎవరి బిడ్డో, ఎక్కడి వీడియోనో, ఎవరికి చెప్పమంటావు అవ్వా అని మనవరాలు నవ్వింది. నాకు మాత్రం డెబ్బై ఏళ్ల కిందటి ఒక కుక్క గుర్తొచ్చి సిగ్గేసింది.

పంతొమ్మిది వందల యాభైల మొదట్లో నేను కోడుమూరు నుంచి ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చాను. అత్తవారిది నేతపని. ముందు గదిలో గుంట మగ్గం, దాని పక్కన చల్లటి మట్టినేల మీద ఒక ఎర్ర కుక్క. దానికి పేరు లేదు, మామ నాలుకతో చప్పుడు చేస్తే వచ్చేది. ఆయన నేయడానికి మగ్గం గుంటలో కాళ్లు దించబోతే లేచి చోటిచ్చేది. ఇంట్లో ఇంకెవరికీ ఆ మర్యాద లేదు. మా అత్త రోజూ సంగటి పెడుతున్నా ఆవిడ దాన్ని దాటుకునే పోవాలి. ఆ ఎండాకాలం చీరలు చూడడానికి ఆదోని షావుకారు వచ్చాడు. పడుకున్న కుక్క మీదుగా కాలు వేయబోతే అది గుర్రుమంది. "ఏమప్పా, మీ ఇంట్లోకి రావాలంటే నీ కుక్కనడగాల్నా?" అన్నాడాయన. మామకు తల తీసేసినట్టయింది. షావుకారు వెళ్లగానే చెప్పు తీసుకుని కుక్కను వాయించాడు. ఆ తరువాత అది ఎవరిని చూసి గుర్రుమన్నా దెబ్బ పడేది. ఎండలు తగ్గేసరికి దాని గొంతు లేవడం మానేసింది. "సూడండప్పా, ఎంత బుద్ధిగుండాదో" అని మామ వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. మేమూ మురిసిపోయాం.

వానాకాలంలో మా ఆడబిడ్డ ఆదోని నుంచి మూడేళ్ల కూతురితో పుట్టింటికి వచ్చింది. అప్పటికే కుక్క చెవిలో పుండు లేచి, మాటిమాటికీ తల విదిలిస్తోంది. ఈగలకని అనుకున్నాం. నేను గడప దగ్గర కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. పాప వెళ్లి ఆ చెవే పట్టుకుంది. కుక్క ముఖం తిప్పుకుంది, మూతి నాక్కుంది, ఒళ్లంతా కొయ్యలా బిగబట్టింది. తోక కొస మాత్రం కదులుతోంది. "తోక ఆడిస్తాంది, ఏం సేయదులే" అంది అత్త. నేనూ తలూపాను. మరుక్షణం పాప చెంప నెత్తురుమయమైంది. కుక్క నుంచి చిన్న శబ్దమైనా రాలేదు.

వీధి వీధంతా కర్రలతో వచ్చింది. "గుర్రుమనకుండా కరిసిందంటే పిచ్చే. సంపాల్సిందే" అన్నాడు పక్కింటి పెద్దాయన. కుక్క మగ్గం గుంటలోకి దిగి ముడుచుకుంది. మామ దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన ముఖం చూడలేకపోయాం. "పిచ్చి కాదన్నా. అది సెప్తానే వచ్చినాది. సెప్పినప్పుడల్లా నేనే కొట్టినాను. ఇంగ ఎట్ల సెప్తాది?" అన్నాడు. కర్రలు దిగాయి గానీ, బిడ్డను గుండెకు అదుముకున్న ఆడబిడ్డ, "అయితే నా బిడ్డను కరిపించింది నువ్వేనా నాయనా?" అంది. ఆయన అవునన్నాడు. నలుగురి ముందూ, తలెత్తకుండా. ఆ తోకను చూసి తలూపిన నేను కండెల బుట్ట వెనక నుంచి నోరు విప్పలేదు.

పాపకు ఆదోని ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు వేయించారు. కుక్కను కట్టేసి కనిపెట్టుకుని ఉన్నాం. దానికి పిచ్చి లేదు. మామ రోజూ దాని చెవికి వేపనూనె రాశాడు. ఆడబిడ్డ చాలాకాలం పుట్టింటి గడప తొక్కలేదు. తొక్కిన తరువాత కూడా పాప చెంప మీది మచ్చ వైపు మామ ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల పలకరిస్తే మగ్గం వైపు తిరిగి జవాబు చెప్పేవాడు. మధ్యాహ్నాలు పని ఆపి కుక్క పక్కన కూర్చుని, "అనప్పా, ఒక్కతూరి గుర్రుమను, కొట్టను" అని బతిమాలడం నేను విన్నాను. అది ఆయన చేయి నాకేది, అంతే. దాని నోరు మూయించడానికి మాకు ఒక్క ఎండాకాలం పట్టింది. ఆ తరువాత అది బతికిన ఏళ్లన్నీ కలిపినా తెరిపించడానికి చాలలేదు.