తోకాయన వెనక దీపం

పేటలో అతన్ని అందరూ తోకాయన అంటారు. రోడ్డు పనులకు వాడే కంప్రెసర్‌ను పాత జీపు వెనక తగిలించుకుని ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నాడు. తోక లేకుండా ఆ జీపును చూసినవాళ్లు తక్కువ. మనిషి మితభాషి. బయల్దేరే ముందు మాత్రం జీపు సాకెట్ దగ్గర్నుంచి కంప్రెసర్ చివరిదాకా లైట్ల వైరును బొటనవేలితో తడుముకుంటూ నడుస్తాడు, నాడి చూసే వైద్యుడిలా.

ఆరేళ్లుగా అతనికి ఒక నియమం ఉంది. పొద్దు పొడవకముందు బయల్దేరడు, పొద్దు వాలేలోపు ఇల్లు చేరతాడు. ఎందుకంటే కళ్లు ఆనడం లేదంటాడు. నిజానికి ఆనడమే అతని బాధ. వెలుతురు తగ్గితే చాలు, పక్క అద్దంలో ఒక దీపం కనబడుతుంది. ఒక్కటే. పసుపుపచ్చగా, కొంచెం ఎడమకు ఒరిగి. తల తిప్పి చూస్తే రోడ్డు ఖాళీ.

అది బావ స్కూటరు దీపం. ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం పని ముగించుకుని వస్తుంటే వైరు తెగి వెనక లైట్లు ఆరిపోయాయి. చీకటి పడుతోంది. దిగి అతుకు వేసే ఓపిక లేక చెల్లెలి మొగుడికి ఫోను చేశాడు.

"బావా, స్కూటరేసుకుని రా. నా వెనకే వస్తే చాలు. నీ ఎర్రలైటు చూసి ఎవడైనా ఆగుతాడు."

"అంటే నీ తోకకి నేను తోకా?" అని నవ్వాడు బావ. వచ్చాడు.

కల్వర్టు మలుపు దాకా అద్దంలో దీపం ఉంది. తర్వాత లారీ మోత వినబడింది. దీపం లేదు.

బావ పోయాక చెల్లెలికి అతను చెప్పింది వేరు. లైట్లన్నీ వెలుగుతున్నాయని, బావ దారిలో కలిసి ఊరికే వెంట వచ్చాడని. ఆమె రెండోసారి అడగలేదు. కన్నీళ్లు తుడుచుకుని, ఒక స్పేరు పార్టుల షాపులో కౌంటరు మీద పనికి కుదిరింది.

ఈ శీతాకాలం కంట్రాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. "ఈ నెలంతా పొద్దున్న ఆరింటికి సైటులో ఉండాలి. మంచు కదా, వెనక లైట్లు లేకుండా గేటు దాకా కూడా రావద్దు. కుదరదా, చెప్పు. బళ్లకేం కరువు." అదే వారంలో ఎలుకలు వైరును నాలుగుచోట్ల కొరికేశాయి.

సంగతి విని చెల్లెలు షాపు నుంచి ఒక పెట్టె తెచ్చింది. తెల్లవారకముందే అన్న వాకిట్లో నిలబడి విప్పింది. అరచేతంత లైట్లు రెండు, ఒక చిన్న బుడిపె.

"బుడిపె జీపు సాకెట్లో పెట్టు. ఇవి వెనక రెండు మూలలా అంటించు. అయస్కాంతం, ఊడవు. రాత్రి చార్జింగు పెట్టాను."

"వైరేది?"

"వైరు లేదు."

"మరి నేను బ్రేకు తొక్కినట్టు వాటికెలా తెలుస్తుంది?"

"వదినకి కోపమొస్తే వీధి చివర ఉన్నా నీకు తెలుస్తుందిగా. అలాగే."

అతను నవ్వలేదు. బొటనవేలికి తడమడానికి ఏమీ దొరకలేదు. జీపెక్కి ఇంజను తిప్పాడు.

"ఎడమ," అన్నాడు.

"వెలిగింది." వెనక నుంచి ఆమె గొంతు.

"కుడి."

"వెలిగింది."

"బ్రేకు."

పెడలు మీద కాలు అలాగే ఉంచాడు.

"ఆరోజు ఇవి ఉంటే ఆయన నీ వెనక రావలసిన పని ఉండేది కాదు అన్నయ్యా."

"ఆరోజు లైట్లు వెలిగాయని చెప్పాను కదా."

"చెప్పావు. ఆయన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ నాకూ చెప్పాడు. మీ అన్న తోకకి తోకగా వెళ్తున్నాను, అన్నం వడ్డించి ఉంచు అని."

"నేనే రమ్మన్నాను," అన్నాడు అతను, స్టీరింగుతో చెబుతున్నట్టు. "వైరు తెగింది. దిగి అతకడానికి బద్ధకించాను."

"ఆరేళ్లు పట్టింది నీకు ఆ రెండు ముక్కలకి," అంది. తర్వాత, ఇందాకటి గొంతుతోనే, "బ్రేకు వెలిగింది."

గోడవార ఉన్న స్కూటరుకు ఆమె స్టాండు తీసింది. బావ స్కూటరే. బాగుచేయించి తనే నడుపుతోంది. మెకానిక్కు ఎన్నిసార్లు సరిచేసినా దాని దీపం ఎడమకే ఒరుగుతుంది.

"కల్వర్టు దాకా వెనక వస్తా. దూరానికి ఎలా కనబడతాయో చూడాలి."

"వద్దమ్మా. మంచులో వద్దు."

"ఆయన్ని రమ్మన్నావు. నన్ను వద్దంటావా?"

అతను గేరు వేశాడు.

మంచు రోడ్డును మింగేసింది. అద్దంలో దీపం కనబడింది. పసుపుపచ్చగా, ఎడమకు ఒరిగి. అలవాటుగా తల తిప్పి చూశాడు. ఈసారి నిజంగానే ఉంది.

కల్వర్టు మలుపు తిరగగానే దీపం రోడ్డు వారకు జరిగి ఆగిపోయింది. అతను కొద్ది గజాల ముందు, వారగానే బండి ఆపాడు. బ్రేకు తొక్కి పట్టాడు. కంప్రెసర్ వెనక మంచు మొత్తం ఎర్రబడింది.

దూరంగా లారీ మోత మొదలైంది. దగ్గరయింది. అతను అద్దం నుంచి చూపు తిప్పుకున్నాడు. గేరు మార్చిన చప్పుడు, లారీ నెమ్మదించిన బుస. పెద్ద నీడ ఒకటి జీపు పక్కగా నిదానంగా దాటిపోయింది.

మళ్లీ అద్దంలోకి చూడటానికి కొంతసేపు పట్టింది. దీపం అక్కడే, బావ పోయిన చోటే ఉంది. ముందుకు రావడం లేదు, వెనక్కి తిరగడం లేదు.

ఆరు కావస్తోంది, సైటు ఇంకా దూరం. అతను బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు.